గడియారం ఒప్పుకొంది.. రికార్డు పుస్తకం ఒప్పుకోలేదు

పురుషుల ప్రపంచ రికార్డును దాటిన తొలి ఈతగత్తె సిబిల్‌ బాయర్‌
ఇరవై మూడేళ్ల జీవితం.. ఇరవై మూడు ప్రపంచ రికార్డులు
జనవరి 31 ఆమె వర్ధంతి

బతికింది ఇరవై మూడేళ్లు. నెలకొల్పిన ప్రపంచ రికార్డులు ఇరవై మూడు. పాల్గొన్న ఒకే ఒక్క ఒలింపిక్స్‌లో పసిడి పతకం. ఇవన్నీ లెక్కకు వచ్చినవి. లెక్కకు రాని ఘనత మరొకటి ఉంది. 1922లో బెర్ముడా దీవుల్లో జరిగిన ఈత పోటీలో ఆమె అప్పటి పురుషుల ప్రపంచ రికార్డు కంటే తక్కువ సమయంలో గమ్యం చేరారు. గడియారం ఆ వేగాన్ని పట్టి చూపింది. చూసినవారు నమ్మారు. పత్రికలు రాశాయి. రికార్డు పుస్తకంలో మాత్రం ఆ అంకె ఎక్కలేదు.

ఆమె పేరు సిబిల్‌ బాయర్‌. అమెరికాలోని షికాగో నగరానికి చెందిన యువతి. ఆమె ఎంచుకొన్నది బ్యాక్‌స్ట్రోక్‌, అంటే మన ఊళ్లలో చెప్పుకొనే వెల్లకిల ఈత. ఆడపిల్ల నలుగురి ఎదుట ఈదడమే వింతగా చూసిన కాలంలో ఆమె మగవారి వేగంతో పోటీపడ్డారు. ఆ ప్రయాణం ఎలా సాగిందో, ఎందుకు అర్ధంతరంగా ఆగిపోయిందో తెలుసుకోదగినది.

విశ్రాంతి కాదు.. పరీక్ష

కాలువ గట్టు ఊళ్లలో పెరిగినవారికి వెల్లకిల ఈత కొత్త కాదు. ఈది ఈది అలసిపోయిన పిల్లలు నీటిపై వెల్లకిలా పడుకొని, ఆకాశం చూస్తూ, కాళ్లు మెల్లగా ఆడిస్తూ సేద తీరుతారు. మనకది విశ్రాంతి. పోటీలో మాత్రం అదే ఈత కఠిన పరీక్షగా మారుతుంది.

ముఖం నీటిపైనే ఉంటుంది కాబట్టి ఊపిరికి ఇబ్బంది తక్కువ. కానీ ఎటు వెళ్తున్నామో కనిపించదు. చెవులు నీటిలో మునిగి ఉంటాయి. పక్కవారు ముందున్నారో వెనకబడ్డారో తెలియదు. గోడ ఎంత దూరంలో ఉందో తలతిప్పి చూస్తే వేగం తగ్గుతుంది. చూడకపోతే తల గోడకు తగిలే ప్రమాదం ఉంది. నేటి కొలనుల్లో గోడకు ఐదు మీటర్ల ముందు పైన తోరణంలా జెండాలు కడతారు. అవి కనపడగానే ఈతగాడు బారలు లెక్కపెట్టుకొని గోడను అందుకొంటాడు. బాయర్‌ పోటీలకు దిగిన తొలినాళ్లలో ఇలాంటి సదుపాయాలు లేవు. అభ్యాసంతో అబ్బిన అంచనాయే ఆధారం. మిగతా ఈతల్లో గట్టుపై నుంచి దూకి మొదలుపెడతారు. ఇందులో నీటిలో దిగి, గోడ పట్టుకొని, అక్కడి నుంచే వెనక్కి తన్నుకొని బయలుదేరాలి.

ఒలింపిక్స్‌లో పురుషులకు ఈ పోటీ 1900లోనే మొదలైంది. తొలినాళ్లలో రెండు చేతులనూ ఒకేసారి తల వెనక్కు విసిరి నీటిని లాగేవారు. 1912 స్టాక్‌హోమ్‌ ఒలింపిక్స్‌లో అమెరికా ఈతగాడు హ్యారీ హెబ్నర్‌ ఒకదాని తర్వాత ఒకటిగా చేతులు వేస్తూ ఈదారు. ఈ పద్ధతి చెల్లుతుందా అన్న అభ్యంతరం వచ్చినా చివరికి స్వర్ణం ఆయనకే దక్కింది. అప్పటి నుంచి అదే అందరి బాణీ అయింది. హెబ్నర్‌ ఈదింది షికాగోలోని ఇల్లినాయ్‌ అథ్లెటిక్‌ క్లబ్‌ తరఫున. కొన్నేళ్ల తర్వాత సిబిల్‌ బాయర్‌ చేరింది కూడా ఆ క్లబ్‌లోనే.

షికాగోలో తొలి అడుగులు

సిబిల్‌ బాయర్‌ 1903 సెప్టెంబరు 18న షికాగోలో జన్మించారు. పాఠశాల విద్య అక్కడే సాగింది. ఇంకా టీనేజీ దాటకముందే ఆమెలోని వేగం శిక్షకుల దృష్టిలో పడింది. ఇల్లినాయ్‌ అథ్లెటిక్‌ క్లబ్‌లో అప్పటి ఈత శిక్షకుడు బిల్‌ బ్యాక్‌రాక్‌. ఆయన భారీకాయుడు. అమెరికా ఈత చరిత్రలో ఆయనది చెరగని పేరు. 1924, 1928 ఒలింపిక్స్‌లకు వెళ్లిన అమెరికా ఈతగాళ్లకు శిక్షకుడిగా వ్యవహరించారు.

ఆ క్లబ్‌లోనే జానీ వైస్‌ముల్లర్‌ కూడా సాధన చేశారు. వంద మీటర్ల ఈతను నిమిషం లోపు ముగించిన తొలి మానవుడు ఆయన. ఆ ఘనత 1922 జులైలో సాధించారు. తర్వాతి కాలంలో వెండితెరపై టార్జాన్‌గా ప్రపంచమంతా ఆయనను ఎరుగును. ఇలాంటి దిగ్గజాలు ఈదే కొలనులో, ఒకే శిక్షకుడి దగ్గర బాయర్‌ మెళకువలు నేర్చారు. తన చుట్టూ ఉన్న ప్రమాణమే ఎత్తులో ఉండటం ఆమెకు కలిసివచ్చింది.

ఫలితం వెంటనే కనిపించింది. 1921లో అమెరికా జాతీయ స్థాయి వంద గజాల బ్యాక్‌స్ట్రోక్‌ టైటిల్‌ ఆమె సొంతమైంది. ఆ తర్వాత 1926 వరకు వరుసగా ఆరేళ్లు ఆ టైటిల్‌ను మరొకరికి దక్కనివ్వలేదు. ఒక దశలో మహిళల బ్యాక్‌స్ట్రోక్‌లో అమల్లో ఉన్న దూరాలన్నింటి ప్రపంచ రికార్డులూ ఆమె పేరిటే ఉండేవి.

ఆంక్షల నడుమ ఆట

బాయర్‌ విజయాల విలువ తెలియాలంటే ఆనాటి పరిస్థితిని గుర్తుచేసుకోవాలి. 1896లో ఏథెన్స్‌లో జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్స్‌లో మహిళలకు చోటే లేదు. ఈతలో వారికి అవకాశం 1912లో గాని రాలేదు. అప్పుడు కూడా అమెరికా తన మహిళలను ఆ పోటీలకు పంపలేదు. ఈత దుస్తుల్లో ఆడవారు జనం ముందుకు రావడం మర్యాద కాదని ఆ దేశ క్రీడా పెద్దలు భావించేవారు.

1919లో న్యూయార్క్‌లోని ఒక బీచ్‌లో మేజోళ్లు తీసేసి ఈదినందుకు ఎథెల్డా బ్లైబ్‌ట్రీ అనే ఈతగత్తెపై పోలీసులు చర్య తీసుకొన్నారు. మరుసటి ఏడాది ఆమే ఆంట్వెర్ప్‌ ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు గెలుచుకొని వచ్చారు. అదే 1920లో అమెరికా రాజ్యాంగ సవరణ ద్వారా దేశవ్యాప్తంగా మహిళలకు ఓటు హక్కు దక్కింది. అప్పటికి సిబిల్‌ బాయర్‌ వయసు పదహారేళ్లు.

అంటే తలుపులు అప్పుడప్పుడే తెరుచుకొంటున్నాయి. అయినా ఆడవారి శరీరం కఠిన పోటీలకు తట్టుకోలేదన్న అభిప్రాయం బలంగా ఉండేది. దూరం పెరిగితే స్పృహ తప్పుతారని, ఆరోగ్యం చెడుతుందని వాదించేవారికి కొదవ లేదు. అటువంటి వాదనకు బెర్ముడాలో గట్టి సమాధానం దొరికింది.

బెర్ముడాలో ఏం జరిగింది?

అట్లాంటిక్‌ మహాసముద్రంలో బ్రిటిష్‌ పాలనలోని చిన్న దీవుల సముదాయం బెర్ముడా. 1922లో అక్కడ ఏర్పాటైన ఈత పోటీలకు అమెరికా ఈతగత్తెలు వెళ్లారు. అందులో 440 గజాల బ్యాక్‌స్ట్రోక్‌కు బాయర్‌ దిగారు. మీటర్లలో చెప్పాలంటే 400కు కాస్త ఎక్కువ. వెల్లకిలా ఈదేవారికి అది సుదీర్ఘమైన దూరం. చేతుల బలం ఒక్కటే చాలదు. వేగాన్ని చివరిదాకా పొదుపుగా వాడుకొనే నేర్పు కావాలి.

ఆమె 6 నిమిషాల 24.8 సెకన్లలో గమ్యం చేరారు. ఆ దూరంలో అప్పటి పురుషుల ప్రపంచ రికార్డు హవాయి దీవులకు చెందిన స్టబ్బీ క్రూగర్‌ పేరిట ఉంది. క్రూగర్‌ సామాన్యుడు కాదు. 1920 ఒలింపిక్స్‌లో బ్యాక్‌స్ట్రోక్‌ ఈదిన మేటి. తర్వాత హాలీవుడ్‌ సినిమాల్లో ప్రమాదకరమైన నీటి సన్నివేశాలకు నటుల బదులు దిగిన సాహసి. అలాంటి క్రీడాకారుడి సమయం కంటే బాయర్‌ మూడు నాలుగు సెకన్లు ముందున్నారు. అప్పటికి ఆమెకు పంతొమ్మిదేళ్లు.

ఈతలో పురుషుల ప్రపంచ రికార్డును ఒక మహిళ అధిగమించడం అదే మొదటిసారి. కానీ ఆనందానికి అడ్డు తగిలింది. ఆ పోటీలకు అధికారిక అనుమతి లేదు. గుర్తింపు లేని పోటీలో నమోదైన సమయాన్ని ప్రపంచ రికార్డుగా పరిగణించడానికి నిబంధనలు ఒప్పుకోవు. నీరు అదే, దూరం అదే, ఈదిన మనిషీ ఆమే. అయినా ఆ 6 నిమిషాల 24.8 సెకన్లు అధికారిక పట్టికలో చేరలేదు.

మన పల్లెల్లోని క్రీడాకారులకు ఈ బాధ కొత్తది కాదు. ఎంత బాగా ఆడినా, గుర్తింపు లేని పోటీల ధ్రువపత్రం క్రీడా కోటాలో చెల్లదు. నిబంధన అవసరమే. కొలత సరిగా ఉందో లేదో తేల్చడానికి ఒక పద్ధతి ఉండాలి. కానీ ఆ పద్ధతికి బయట జరిగిందంతా అబద్ధం అయిపోదు. బాయర్‌ విషయంలో పట్టిక మరిచినా చరిత్ర మరవలేదు. నేటికీ ఆమె పేరు చెప్పగానే ముందుగా గుర్తుకువచ్చేది బెర్ముడాయే.

పారిస్‌లో పసిడి

మహిళల బ్యాక్‌స్ట్రోక్‌కు ఒలింపిక్స్‌లో తొలిసారి చోటు దక్కింది 1924లో. వేదిక పారిస్‌. ఆ క్రీడలకు మూడు వేల మందికి పైగా క్రీడాకారులు రాగా వారిలో మహిళలు 135 మందే. ఈతలో మహిళలకు కేటాయించిన పోటీలు ఐదు. బ్యాక్‌స్ట్రోక్‌లో వంద మీటర్ల దూరం ఒక్కటే ఉంది. ఎక్కువ దూరాల్లోనూ ఎదురులేని బాయర్‌కు దొరికిన అవకాశం అదొక్కటే.

అమెరికా జట్టు ‘అమెరికా’ అనే ఓడలో అట్లాంటిక్‌ దాటింది. ఓడ పైభాగంలో కాన్వాసు గుడ్డతో చిన్న తొట్టి కట్టారు. అందులో ఈదడానికి చోటు చాలదు. నడుముకు తాడు కట్టుకొని ఉన్నచోటనే చేతులు, కాళ్లు ఆడిస్తూ ఈతగాళ్లు సాధన చేశారు. ఫ్రాన్స్‌ చేరాక మరో ఇబ్బంది ఎదురైంది. జట్టుకు బస ఇచ్చింది నగరానికి దూరంగా ఉన్న రోకెన్‌కూర్‌లో. కొలనుకు వెళ్లి రావడానికే రోజూ గంటలు గడిచిపోయేవి.

పోటీలు జరిగిన టూరెల్‌ కొలను మాత్రం ఆ కాలానికి కొత్త హంగు. యాభై మీటర్ల పొడవు, ఎవరి దారి వారికి విడివిడిగా గుర్తులు. అంతకుముందు ఒలింపిక్స్‌ ఈతలు సముద్రపు పాయల్లోనో, నదిలోనో జరిగిన సందర్భాలూ ఉన్నాయి.

ఈ పోటీలో బాయర్‌కు సాటి ఎవరూ లేకపోయారు. తుదిపోరులో 1 నిమిషం 23.2 సెకన్లలో వంద మీటర్లు పూర్తిచేసి స్వర్ణం అందుకొన్నారు. రజతం గెలిచిన బ్రిటన్‌ అమ్మాయి ఫిలిస్‌ హార్డింగ్‌ 1 నిమిషం 27.4 సెకన్లలో వచ్చారు. నాలుగు సెకన్లకు పైగా తేడా! వంద మీటర్ల ఈతలో ఇది చాలా పెద్ద అంతరం. కాంస్యం అమెరికాకే చెందిన ఐలీన్‌ రిగిన్‌కు దక్కింది. రిగిన్‌ అవే క్రీడల్లో డైవింగ్‌లోనూ పతకం సాధించారు. మహిళల ఈతలో ఐదు స్వర్ణాల్లో నాలుగు అమెరికా గెలిచింది. వంద మీటర్ల ఫ్రీస్టైల్‌ విజేత ఎథెల్‌ లాకీ కూడా బాయర్‌ సాధన చేసిన క్లబ్‌ సభ్యురాలే.

అంకెలు చెప్పే సంగతి

ఇక్కడ ఒక పోలిక చూడాలి. 1908 లండన్‌ ఒలింపిక్స్‌లో పురుషుల వంద మీటర్ల బ్యాక్‌స్ట్రోక్‌ స్వర్ణం జర్మనీకి చెందిన ఆర్నో బీబర్‌స్టీన్‌ గెలిచారు. ఆయన సమయం 1 నిమిషం 24.6 సెకన్లు. పదహారేళ్ల తర్వాత పారిస్‌లో బాయర్‌ అంతకంటే వేగంగా ఈదారు. 1912లో హెబ్నర్‌ స్వర్ణం గెలిచిన సమయం 1 నిమిషం 21.2 సెకన్లు. దానికి ఆమె రెండు సెకన్ల దూరంలోనే ఉన్నారు.

అయితే 1924లోనే పురుషుల విభాగంలో హవాయి ఈతగాడు వారెన్‌ కెలోహా 1 నిమిషం 13.2 సెకన్లలో స్వర్ణం గెలిచారు. అంటే మగవారి వేగం కూడా ఆగలేదు. ఆడ, మగ తేడా లేదని బాయర్‌ నిరూపించారని చెప్పడం అతిశయోక్తే. ఆమె నిరూపించింది వేరు. ఆడవారి వేగానికి హద్దు ఇదీ అని పెద్దలు ముందే గీసిన గీత తప్పని చూపారు. శిక్షణ, కొలను, అవకాశం ఇస్తే ఆ గీత ఎక్కడిదాకా జరుగుతుందో ఎవరూ చెప్పలేరని చాటారు.

రెండేళ్లకే మరో రుజువు దొరికింది. పారిస్‌లో బాయర్‌తో పాటు అమెరికా జట్టులో ఉన్న గెర్‌ట్రూడ్‌ ఎడర్లీ 1926 ఆగస్టు 6న ఇంగ్లిష్‌ ఛానల్‌ను ఈదారు. అప్పటికి ఐదుగురు మగవారే ఆ సాహసం చేశారు. వారిలో అందరికంటే వేగంగా ఈదిన వ్యక్తి కంటే ఆమె రెండు గంటల సమయం తక్కువ తీసుకొన్నారు. ఈసారి ఎవరూ కాదనలేదు. న్యూయార్క్‌ వీధులు ఆమెకు బ్రహ్మరథం పట్టాయి.

చదువు.. నిశ్చితార్థం.. అనారోగ్యం

ఒలింపిక్‌ విజేత అయ్యాక కూడా బాయర్‌ చదువు మానలేదు. షికాగోకు ఉత్తరాన ఇవాన్‌స్టన్‌లోని నార్త్‌వెస్టర్న్‌ విశ్వవిద్యాలయంలో చదివారు. ఈత వల్ల ఆ రోజుల్లో జీతభత్యాలు వచ్చేవి కావు. ఔత్సాహిక క్రీడాకారులు ఆటను సంపాదన మార్గంగా చేసుకోకూడదన్న నిబంధన కఠినంగా అమలయ్యేది. పతకం మెడలో ఉన్నా బతుకుతెరువు వేరే చూసుకోవాల్సిందే.

ఈ కాలంలోనే ఎడ్‌ సలివన్‌ అనే యువ క్రీడా విలేకరితో ఆమెకు వివాహ నిశ్చయం జరిగింది. అప్పటికి ఆయన పేరు పెద్దగా ఎవరికీ తెలియదు. 1926లో కూడా బాయర్‌ జాతీయ టైటిల్‌ నిలబెట్టుకొన్నారు. మరో రెండేళ్లలో ఆమ్‌స్టర్‌డామ్‌ ఒలింపిక్స్‌. అన్నీ అనుకొన్నట్లు జరిగితే రెండో స్వర్ణం ఆమెదే అనుకోవడానికి తగిన బలం ఉంది.

కానీ పేగు క్యాన్సర్‌ ఆమెను కబళించింది. ఆ వ్యాధికి నేడు ఉన్నన్ని చికిత్సలు అప్పుడు లేవు. మందుల ద్వారా క్యాన్సర్‌ను ఎదుర్కొనే విధానం ఇంకా పుట్టనే లేదు. 1927 జనవరి 31న సిబిల్‌ బాయర్‌ కన్నుమూశారు. అప్పటికి విశ్వవిద్యాలయంలో ఆఖరి ఏడాది చదువుతున్నారు. పట్టా చేతికి రాలేదు. పెళ్లి పీటలు ఎక్కలేదు. ప్రపంచ రికార్డులు ఇంకా తన పేరిట ఉండగానే ఆమె వెళ్లిపోయారు.

ఎడ్‌ సలివన్‌ 1930లో వేరొకరిని వివాహమాడారు. 1948 నుంచి 1971 వరకు అమెరికా టెలివిజన్‌లో ఆయన నిర్వహించిన కార్యక్రమం ఇంటింటా పరిచయం. ఎల్విస్‌ ప్రెస్లీ, బీటిల్స్‌ బృందం వంటివారిని కోట్లాది ప్రేక్షకుల ముందుకు తెచ్చిన వేదిక అది. అందుకే నేడు చాలామంది సిబిల్‌ బాయర్‌ను సలివన్‌కు కాబోయే భార్యగానే ఎరుగుదురు. నిశ్చితార్థం నాటికి మాత్రం ఆ ఇద్దరిలో ప్రపంచానికి తెలిసిన వ్యక్తి ఆమే.

ఆమె తర్వాత

1928 ఆమ్‌స్టర్‌డామ్‌లో మహిళల బ్యాక్‌స్ట్రోక్‌ స్వర్ణం ఆతిథ్య దేశమైన నెదర్లాండ్స్‌ అమ్మాయి మేరీ బ్రౌన్‌ గెలుచుకొన్నారు. సమయం 1 నిమిషం 22 సెకన్లు. నాలుగేళ్ల ముందు పారిస్‌లో బాయర్‌ ఈదిన సమయానికి ఇది ఒక సెకను పైచిలుకు తేడా మాత్రమే. బాయర్‌ చేతిలో ఓడిన ఫిలిస్‌ హార్డింగ్‌ 1936 వరకు మొత్తం నాలుగు ఒలింపిక్స్‌ల్లో పాల్గొన్నారు. బాయర్‌కు అంత ఆయుష్షు దక్కలేదు.

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం ఫోర్ట్‌ లాడర్‌డేల్‌లో ఉన్న అంతర్జాతీయ ఈత ప్రముఖుల మందిరంలో 1967లో ఆమెకు స్థానం కల్పించారు. మరణించిన నలభై ఏళ్లకు దక్కిన గౌరవమది. ఆమె స్వర్ణం గెలిచిన టూరెల్‌ కొలనుకు తర్వాత జార్జ్‌ వాలరే పేరు పెట్టారు. ఆయనా బ్యాక్‌స్ట్రోక్‌ ఈతగాడే. 1948 లండన్‌ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌కు కాంస్యం తెచ్చి, 1954లో ఇరవై ఆరేళ్లకే మరణించారు.

సరిగ్గా వందేళ్లకు 2024లో ఒలింపిక్స్‌ మళ్లీ పారిస్‌కు వచ్చాయి. మహిళల వంద మీటర్ల బ్యాక్‌స్ట్రోక్‌లో ఆస్ట్రేలియాకు చెందిన కైలీ మెకియోన్‌ 57.33 సెకన్లలో స్వర్ణం గెలిచారు. 1924లో పురుషుల విజేత తీసుకొన్న సమయం కంటే ఇది దాదాపు పదహారు సెకన్లు తక్కువ. ఆడవారి శరీరం తట్టుకోలేదన్న వాదన ఇప్పుడెవరికీ గుర్తు లేదు. ఆ వాదనను తొలిదశలోనే నీటిలో ముంచినవారిలో సిబిల్‌ బాయర్‌ ఒకరు.

బెర్ముడాలో ఆమె సాధించిన సమయం అధికారిక పట్టికలో నేటికీ లేదు. ఇక చేరే అవకాశమూ లేదు. అయినా ఏ ఊళ్లోనైనా ఒక ఆడపిల్ల కాలువలోనో, కొలనులోనో అన్నదమ్ములతో పందెం వేసి ముందు గట్టు చేరితే, పెద్దలు దాన్ని ఆటగా కొట్టిపారేయకుండా ఒక్క క్షణం ఆగి సమయం చూడటం మేలు. వందేళ్ల కిందట బెర్ముడాలో ఎవరో అలా చూశారు కాబట్టే సిబిల్‌ బాయర్‌ ఘనత మనదాకా వచ్చింది.